300 ప్లగిన్లు వద్దు.. ఒక్క మంచి టెంప్లేట్ చాలు!

ముందే చెప్పేస్తున్నా. మీ ల్యాప్‌టాప్‌లో ఎన్ని ప్లగిన్లు ఉన్నాయో చూసి మీ పాట ఎంత బాగుంటుందో చెప్పలేం. ఐదేళ్ల తర్వాత ఆ పాట ప్రాజెక్ట్ ఓపెన్ అవుతుందా లేదా అన్నది మాత్రం చాలావరకు చెప్పొచ్చు. ప్లగిన్లు ఎంత ఎక్కువ వాడితే ఓపెన్ అయ్యే చాన్స్ అంత తక్కువ.

గాడ్జెట్లంటే పడి చచ్చే మన బ్యాచ్‌కి ఒక బలహీనత ఉంది. నంబర్ పెద్దదైతే చాలు, వస్తువు మంచిదనుకుంటాం. ఫోన్ కెమెరా మెగాపిక్సెల్స్ విషయంలో ఆ భ్రమ నుంచి ఎలాగో బయటపడ్డాం. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అదే కథ. 'టాప్ 50 ఫ్రీ ప్లగిన్లు' అని కనపడగానే యాభైకి యాభై దించేస్తాం. వాడేది ఆరు. మిగతా 44 లిస్టులో అడ్డంగా పడి ఉంటాయి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. పాట రికార్డ్ చేసి, మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్‌ని డీఏడబ్ల్యూ అంటారు. ఎఫ్ఎల్ స్టూడియో, క్యూబేస్, ఏబుల్టన్ లైవ్, రీపర్, లాజిక్ అన్నీ ఈ కోవలోవే. అందులో గొంతుకొక ట్రాక్, మృదంగానికొక ట్రాక్ ఇలా ఉంటాయి. రివర్బ్, ఈక్యూ, కంప్రెసర్, సింథ్ లాంటి పనులు చేసే చిన్న ప్రోగ్రాములే ప్లగిన్లు. ఇక టెంప్లేట్ అంటే ట్రాక్ పేరు, రంగు, దాని మీద ఉన్న ఎఫెక్టులు, సౌండ్ ఎటు వెళ్లాలన్న దారి, అన్నీ ఒకసారి సెట్ చేసి దాచుకున్న ఫైల్. మళ్లీ కావాలంటే రెండు క్లిక్కులు.

నేను చెప్పేది ఒకటే. ప్లగిన్లు పోగేసే టైమ్‌లో సగం టెంప్లేట్ తయారు చేసుకోవడానికి పెట్టండి. ఆ టెంప్లేట్‌లో సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే స్టాక్ ప్లగిన్లు తప్ప ఇంకేవీ పెట్టకండి. ఎందుకో చూద్దాం.

ప్లగిన్ అంటే డిపెండెన్సీ

కోడింగ్ చేసేవాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే బుల్లి జావాస్క్రిప్ట్ ప్యాకేజీని రాసినతను దాన్ని ఎన్‌పీఎమ్ నుంచి తీసేశాడు. మొత్తం 11 లైన్ల కోడ్. అది తీయగానే రియాక్ట్, బేబెల్ లాంటి పెద్ద పెద్ద ప్రాజెక్టుల మీద ఆధారపడ్డవాళ్ల బిల్డ్‌లు కూడా ఆగిపోయాయి. ఆ రోజు నుంచి మన ఫీల్డ్‌లో అందరికీ తెలిసొచ్చింది: వేరేవాళ్ల కోడ్ మన ప్రాజెక్ట్‌లోకి తెచ్చుకున్నామంటే, వాళ్లు రేపు కూడా ఉంటారన్న నమ్మకాన్ని కూడా తెచ్చుకున్నట్టే.

మ్యూజిక్‌లో ప్లగిన్ కూడా అంతే. మీ ప్రాజెక్ట్ ఫైల్‌లో ప్లగిన్ ఉండదు. దాని పేరు, మీరు తిప్పిన నాబ్‌ల విలువలు మాత్రమే ఉంటాయి. రేపు ఆ ప్లగిన్ మీ మెషీన్‌లో లేకపోతే, ఆ విలువలు ఎందుకూ పనికిరావు.

'ఎక్కడికి పోతాయిలే' అనుకుంటున్నారా? ఈ పదేళ్ల పైచిలుకులో జరిగినవి కొన్ని చూడండి.

2015 జనవరిలో కేమెల్ ఆడియో మూతపడింది. ఆల్కెమీ అనే చాలా పాపులర్ సింథ్ వాళ్లదే. కంపెనీని ఆపిల్ కొనేసింది. తర్వాత ఆల్కెమీ లాజిక్‌లో భాగంగా తిరిగొచ్చింది. అంటే మ్యాక్ ఉన్నవాళ్లకే. విండోస్ వాడేవాళ్లకు కొత్త వెర్షన్ అన్నదే లేకుండా పోయింది.

2016 చివర్లో వచ్చిన క్యూబేస్ 9 కేవలం 64 బిట్. పాత 32 బిట్ ప్లగిన్లకు అక్కడ తలుపులు మూసేశారు. 2019లో మ్యాక్ఓఎస్ కేటలీనా 32 బిట్ సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా వదిలేసింది.

2017 నవంబర్‌లో గిబ్సన్ కంపెనీ కేక్‌వాక్ సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇక్కడ పోయింది ప్లగిన్ కాదు, ఏకంగా డీఏడబ్ల్యూనే. 2018 ఫిబ్రవరిలో బ్యాండ్‌ల్యాబ్ కొని, ఫ్రీగా ఇవ్వబట్టి బతికింది.

వీఎస్‌టీ ఫార్మాట్‌ని 1996లో పుట్టించిన స్టెయిన్‌బర్గే, 2018లో వీఎస్‌టీ2 డెవలప్‌మెంట్ కిట్ ఇవ్వడం ఆపేసింది. 2022లో, తన సొంత సాఫ్ట్‌వేర్లలో కూడా వీఎస్‌టీ2 సపోర్ట్ తీసేస్తామని చెప్పింది.

2023 మార్చిలో వేవ్స్ ఇకపై సబ్‌స్క్రిప్షన్ మాత్రమే అని ప్రకటించింది. యూజర్లు గోల గోల చేసేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఈసారి తగ్గింది. ప్రతిసారీ తగ్గాలని రూలేం లేదు.

వీళ్లెవరూ మన మీద కక్ష కట్టి ఇవి చేయలేదు. వ్యాపారం అన్నాక మార్పులు ఉంటాయి. కాకపోతే ఆ మార్పుల దెబ్బ మన పాట మీద పడకుండా చూసుకోవడం మన పని.

మన డెల్టాలో ఇది ఎందుకు ముఖ్యం?

'నేనేమైనా సినిమాలకి మ్యూజిక్ చేస్తున్నానా, నాకెందుకీ గోల' అనొచ్చు. నా లెక్క రివర్స్. సినిమా పాటకి మాస్టర్లు దాచే కంపెనీ ఉంటుంది. మన ఊళ్లో రికార్డ్ చేసిన పాటకి మనం తప్ప దిక్కెవరూ లేరు.

బందరు, గుడివాడ, అవనిగడ్డ చుట్టుపక్కల ఇంట్లో ఒక గదిలో దుప్పట్లు కట్టి రికార్డింగ్ చేసే కుర్రాళ్లు బోలెడంత మంది. కూచిపూడి నాట్యానికి ట్రాకులు, క్రిస్మస్ ముందు చర్చి పాటలు, జాతరకి అమ్మవారి పాటలు, జానపదాలు, పెళ్లి వీడియోలకి బీజీఎమ్. వీటిలో చాలావాటిని ఇంకోసారి అలాగే రికార్డ్ చేయడం కుదరదు. పాడిన పెద్దావిడకి వచ్చే ఏడాది అదే గొంతు ఉండదు. మృదంగం వాయించినాయన డేట్ మళ్లీ దొరకదు.

మన పక్కనే ఉన్న మొవ్వ సంగతి చూడండి. 17వ శతాబ్దపు క్షేత్రయ్య ఊరది. మువ్వగోపాలుడి మీద నాలుగు వేలకు పైగా పదాలు చెప్పాడంటారు. మనకి మిగిలినవి కొన్ని వందలే. వాటిలో కూడా చాలావాటికి సాహిత్యం ఉంది గానీ, ఆయన కట్టిన వరుస ఏదో తెలీదు. రాసిన మాట నిలిచింది, మోగిన పాట పోయింది.

మీ ప్రాజెక్ట్‌లో మిడి ట్రాక్ పరిస్థితి కూడా సరిగ్గా ఇదే. మిడిలో సౌండ్ ఉండదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత గట్టిగా అన్న రాత మాత్రమే ఉంటుంది. సౌండ్ ఇచ్చేది ప్లగిన్. ప్లగిన్ పోతే, సాహిత్యం మిగిలి వరుస పోయిన పదంలాగే అవుతుంది మీ స్ట్రింగ్స్ సెక్షన్.

బీటెక్ చదివామంటే మన ఊళ్లో ప్రింటర్ దగ్గర్నుంచి వైఫై దాకా అన్నీ మన నెత్తినే పడతాయి కదా. అలా పోయిన డిసెంబర్‌లో దివిసీమ నుంచి ఒక చర్చి క్వయర్ కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. "అన్నా, పాట ఓపెన్ అవుతుంది గానీ సగం సౌండే వస్తుంది" అన్నాడు. మూడేళ్ల నాటి ప్రాజెక్ట్. అప్పట్లో ఎవరో స్టూడియో అతను చేసిచ్చాడట, ఇప్పుడాయన వేరే ఊళ్లో వేరే ఉద్యోగం. ఓపెన్ చేయగానే 'ఈ ప్లగిన్లు దొరకలేదు' అని 14 పేర్లు. గొంతులు, తబలా ఆడియో కాబట్టి క్షేమంగా ఉన్నాయి. పియానో, స్ట్రింగ్స్, ప్యాడ్ అన్నీ మిడి. నోట్లు కనపడుతున్నాయి, మోత లేదు. "మరి నోట్లు ఉన్నాయిగా అన్నా?" అని అడిగాడు పాపం. ఉన్నాయి తమ్ముడూ, వేరే పియానో పెట్టి వాయించొచ్చు. కానీ అది మీ పాత పాట కాదు, ఇంకో పాట.

ఆ స్టూడియో అతను పని రానివాడేం కాదు, మిక్స్ వింటే తెలుస్తుంది. చివర్లో ఆ మిడి ట్రాకులన్నీ ఆడియోగా మార్చి ఇచ్చి ఉంటే సరిపోయేది. పది నిమిషాల పని.

మరి టెంప్లేట్ ఏం చేస్తుంది?

ఆ పది నిమిషాల పని మర్చిపోకుండా చేస్తుంది. టెంప్లేట్ వల్ల టైమ్ కలిసొస్తుందని అందరూ చెబుతారు. నిజమే. కానీ నా దృష్టిలో దాని అసలు ఉపయోగం అది కాదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆలోచించి తీసుకున్న నిర్ణయాలు, హడావుడిలో ఉన్నప్పుడు చేతికి అందుతాయి. గదిలో ఆరుగురు కళాకారులు కూర్చుని, ఏ క్షణాన కరెంటు పోతుందో తెలియనప్పుడు, ఏ రివర్బ్ పెట్టాలా అని వెతుక్కునే టైమ్ ఉండదు.

కూచిపూడి ట్రాక్ రికార్డింగ్‌నే ఉదాహరణగా తీసుకుందాం. నా టెంప్లేట్‌లో ఎనిమిది ట్రాకులు: గాత్రం ఒకటి, నట్టువాంగం ఒకటి, మృదంగానికి రెండు (కుడి పక్కకి, ఎడమ పక్కకి విడిగా), వయొలిన్, వేణువు, శ్రుతి, చివరిగా మాటల ట్రాక్. ఈ మాటల ట్రాక్‌లో గురువుగారు చెప్పేవి రికార్డ్ అవుతాయి. 'ఈ జతి రెండోసారి వచ్చినప్పుడు కాస్త నిదానం' లాంటివన్నమాట. ఆర్నెల్ల తర్వాత ఆ ఒక్క ముక్కే మనల్ని కాపాడుతుంది.

మృదంగం, నట్టువాంగం కలిసి ఒక గ్రూప్‌లోకి వెళ్తాయి. వయొలిన్, వేణువు ఇంకో గ్రూప్‌లోకి. గాత్రం విడిగా ఉంటుంది. రివర్బ్ మాత్రం ప్రతి ట్రాక్ మీద పెట్టను. ఒకే ఒక్క రివర్బ్ విడి ట్రాక్‌లో ఉంటుంది, మిగతావన్నీ కావలసినంత సౌండ్ దానికి పంపుతాయి. దీనివల్ల ప్రాసెసర్ మీద లోడ్ తగ్గుతుంది, అందరూ ఒకే హాల్లో కూర్చుని వాయించినట్టు కూడా ఉంటుంది. గాత్రం మీద 80 హెర్ట్జ్ కింద ఉన్న మోత కట్ చేసే ఈక్యూ ముందే పెట్టి ఉంటుంది. ఫ్యాన్ రొద, నేల మీద అడుగుల అదురు చాలావరకు అక్కడే తగ్గిపోతాయి. నట్టువాంగం తాళాల మీద కంప్రెసర్ పెట్టను. ఆ గణగణలోనే నాట్యానికి ప్రాణం ఉంది.

అన్నిటికన్నా సింపుల్‌గా కనపడే పని పేర్లు పెట్టడం. రీపర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ పేరే రికార్డ్ అయిన ఫైల్ పేరులోకి వస్తుంది. పేరు పెట్టకపోతే హార్డ్ డిస్క్ నిండా తేదీలు, అంకెలే. ఏది గాత్రమో ఏది వేణువో ఒక్కొక్కటీ విని తెలుసుకోవాలి. టెంప్లేట్‌లో పేర్లు ముందే ఉంటాయి కాబట్టి ఆ బాధ లేదు.

ఇన్ని ట్రాకులు విడివిడిగా ఎందుకంటే, నాట్యం ట్రాక్ ఒక్కసారితో అయిపోదు. ఒక స్టూడెంట్‌కి వేగం తగ్గించాలి, ఇంకొకరికి గాత్రం తీసేసి ఇవ్వాలి, అమెరికాలో ఉన్న శిష్యురాలికి శ్రుతి ఒకటి పెంచి పంపాలి. ఒకే స్టీరియో ఫైల్ ఉంటే ఇవన్నీ కష్టం. ట్రాకులు విడిగా ఉంటే అరగంట పని.

ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎలా?

రీపర్‌లో ట్రాకులు సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి 'సేవ్ ట్రాక్స్ యాజ్ ట్రాక్ టెంప్లేట్' అంటే చాలు. ఇంకో విశేషం ఏంటంటే రీపర్ ప్రాజెక్ట్ ఫైల్, టెంప్లేట్ ఫైల్ రెండూ మామూలు టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఏ ప్లగిన్లు వాడారో చదవొచ్చు. గిట్‌లో పెట్టుకోవచ్చు. నాలాంటివాడికి ఇంతకన్నా ఏం కావాలి? 60 రోజులు ట్రయల్, తర్వాత వ్యక్తిగత వాడకానికి, చిన్న వ్యాపారాలకి 60 డాలర్ల లైసెన్స్. రీఈక్యూ, రీకాంప్, రీవెర్బ్, రీట్యూన్ అన్నీ అందులోనే వస్తాయి.

ఎఫ్ఎల్ స్టూడియోలో మిక్సర్ ట్రాక్ మీద ఉన్న ఎఫెక్టులన్నీ కలిపి మిక్సర్ ట్రాక్ స్టేట్‌గా సేవ్ చేసుకోవచ్చు. మొత్తం ప్రాజెక్ట్‌ని కూడా టెంప్లేట్‌గా పెట్టుకోవచ్చు. ప్లగిన్ మేనేజర్‌లో మీరు నిజంగా వాడేవాటికి మాత్రమే స్టార్ గుర్తు పెట్టుకోండి. పని అయ్యాక 'జిప్డ్ లూప్ ప్యాకేజ్'గా ఎక్స్‌పోర్ట్ చేస్తే వాడిన శాంపిల్స్ కూడా కలిసి వస్తాయి. ప్లగిన్లు మాత్రం రావు, గుర్తుంచుకోండి.

క్యూబేస్‌లో ట్రాక్ ప్రీసెట్లు, ట్రాక్ ఆర్కైవ్‌లు ఉన్నాయి. ఏబుల్టన్‌లో కొత్త ట్రాక్ ఎలా మొదలవ్వాలో డిఫాల్ట్‌గా సెట్ చేసుకోవచ్చు. 'కలెక్ట్ ఆల్ అండ్ సేవ్' అంటే ఎక్కడెక్కడో ఉన్న శాంపిల్స్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి వచ్చేస్తాయి.

ఒక డౌట్ చాలామందికి వస్తుంది: 'టెంప్లేట్ మారిస్తే పాత పాటలు చెడిపోతాయా?' చెడిపోవు. టెంప్లేట్ నుంచి ప్రాజెక్ట్‌లోకి కాపీ వస్తుంది, లింక్ కాదు. కాబట్టి ధైర్యంగా మారుస్తూ ఉండండి. కాకపోతే ఫైల్ పేరు చివర వెర్షన్ నంబర్ వేయండి. 'కూచిపూడి 3', 'కూచిపూడి 4' ఇలా.

అదే కారణంతో ఒక జాగ్రత్త కూడా. కాపీ అవుతుంది కాబట్టి, టెంప్లేట్‌లో బయటి ప్లగిన్ ఒక్కటి పెట్టినా అది ఆ తర్వాత చేసే ప్రతి పాటలోకీ వెళ్తుంది. ఆ ప్లగిన్ పోయిన రోజు ఒక పాట కాదు, రెండేళ్ల పాటలన్నీ ఒకేసారి నోరు మూసుకుంటాయి. టెంప్లేట్‌లో స్టాక్ ప్లగిన్లే ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. డీఏడబ్ల్యూ మీద ఎలాగూ ఆధారపడ్డాం. ఆ లిస్టుకి ఇంకొకటి చేర్చొద్దు.

ప్లగిన్లకి నా రూల్స్

బయటి ప్లగిన్లు అసలు వాడొద్దనడం లేదు. పాటకి కావాలనిపిస్తే ఆ పాట వరకు వాడండి. కానీ ఇల్లు సర్దుకున్నట్టు వాటిని సర్దుకోవాలి.

ఒకటి: పన్నెండు చాలు. ఈక్యూ, కంప్రెసర్, డీఎస్సర్, రివర్బ్, డిలే, పిచ్ సరిచేసేది, నాయిస్ తగ్గించేది, లిమిటర్, మీటర్, శాంపిలర్, పియానో, సింథ్. స్టాక్, బయటివి అన్నీ కలిపే ఈ లెక్క. పదమూడోది కావాలంటే పన్నెండులో ఒకటి తీసేయండి.

రెండు: ఒకే ప్లగిన్‌కి వీఎస్‌టీ2, వీఎస్‌టీ3 రెండూ ఇన్‌స్టాల్ చేయొద్దు. వీఎస్‌టీ3 ఉంటే అదే. విండోస్‌లో వీఎస్‌టీ3కి 'కామన్ ఫైల్స్' లోపల ఒక ఫిక్స్‌డ్ ఫోల్డర్ ఉంటుంది. వీఎస్‌టీ2 అయితే ఒక్కో ఇన్‌స్టాలర్ ఒక్కో చోట పడేస్తుంది, తర్వాత వెతుక్కోవడం మన వంతు.

మూడు: ఇన్‌స్టాలర్ ఫైళ్లు దాచుకోండి. వెర్షన్ నంబర్‌తో సహా. కంపెనీ సైట్‌లో పాత వెర్షన్ ఎప్పటికీ ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్‌లో ప్లగిన్ పేరు, వెర్షన్, ఏ మెయిల్‌తో కొన్నారో రాసి పెట్టండి. మనం కోడ్‌లో లాక్ ఫైల్ పెట్టుకోమా? ఇదీ అలాంటిదే.

నాలుగు: పాట మధ్యలో ఉండగా ఏదీ అప్‌డేట్ చేయొద్దు. డిసెంబర్ 20న చర్చి పాట మిక్స్ నడుస్తుంటే కనపడే 'అప్‌డేట్ నౌ' బటన్ మీ శత్రువు.

ఐదు: పాట అయిపోగానే ప్రతి ట్రాక్‌నీ వేవ్ ఫైల్‌గా తీసేయండి. మిడి ట్రాకులు తప్పనిసరిగా. అన్ని ఫైళ్లూ పాట మొదటి సెకను నుంచే మొదలవ్వాలి, ఒకే పొడవు ఉండాలి. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌లోకి లాగినా ఒకదాని కింద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. ఎఫెక్టులు ఉన్నది ఒక సెట్, లేనిది ఒక సెట్ తీస్తే ఇంకా మంచిది. పక్కన టెంపో, శ్రుతి, తాళం రాసిన చిన్న నోట్ పెట్టండి.

'అంత స్పేస్ ఎక్కడిది?' అంటారా. లెక్క వేద్దాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి సుమారు 8.6 ఎంబీ. ఎనిమిది ట్రాకులు, ఆరు నిమిషాల పాట అంటే 415 ఎంబీ దగ్గర. పది పాటలు కలిపినా నాలుగు జీబీ చిల్లర. ఫోన్‌లో వాట్సాప్ గుడ్ మార్నింగ్ వీడియోలు అంతకన్నా ఎక్కువే తింటుంటాయి.

'అన్ని పాటలూ ఒకేలా ఉంటాయి కదా?'

టెంప్లేట్ అనగానే వచ్చే మొదటి అభ్యంతరం ఇది. న్యాయమైన అభ్యంతరమే. రెడీమేడ్ సౌండ్ నింపిన టెంప్లేట్ డౌన్‌లోడ్ చేస్తే నిజంగానే ఒకేలా ఉంటాయి. నేను చెబుతున్నది మీరు సొంతంగా చేసుకునే టెంప్లేట్. అందులో ఉండేది ట్యూన్ కాదు, బీట్ కాదు. దారులు, పేర్లు, శుభ్రం చేసే పనులు మాత్రమే.

బందరు పక్కనే పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. టేకు చెక్క మీద అచ్చు ఓపిగ్గా చెక్కుతారు. గీతకి ఒక అచ్చు, లోపలి రంగుకి ఇంకో అచ్చు. ఒకసారి చెక్కాక ఎన్నో బట్టల మీద అద్దుతారు. అంతమాత్రాన అన్ని చీరలూ ఒకేలా ఉన్నాయా? ఏ అచ్చు ఎక్కడ వేయాలి, ఏ రంగు తర్వాత ఏ రంగు అన్నది అద్దేవాళ్ల చేతిలో ఉంటుంది. చీరకొక కొత్త అచ్చు చెక్కుతూ కూర్చుంటే చీర ఎప్పటికీ తయారవ్వదు.

రెండో అభ్యంతరం: 'స్టాక్ ప్లగిన్ల సౌండ్ చీప్‌గా ఉంటుంది బ్రో.' ఒక పరీక్ష పెట్టుకోండి. ఒకే గొంతు మీద స్టాక్ ఈక్యూ, ఖరీదైన ఈక్యూ రెండిటితో ఒకే కట్ చేసి, వాల్యూమ్ సమానం చేసి, ఏది ఏదో చూడకుండా వినండి. మామూలు కట్, బూస్ట్ పనుల్లో తేడా పట్టుకోవడం ఎంత కష్టమో మీకే తెలుస్తుంది. పాత గేర్ రంగు అద్దే ప్లగిన్లు, మంచి రివర్బ్‌లు, మంచి వాయిద్యాల లైబ్రరీలు వేరు. అక్కడ తేడా ఉంటుంది, ఒప్పుకుంటా. వాటిని కొనండి, వాడండి, ఆడియోగా మార్చి దాచండి.

మూడోది ఎవరూ పైకి అనరు గానీ అందరికీ తెలుసు: క్రాక్‌లు. 'కొనడానికి డబ్బుల్లేవన్నా' అంటారు. అర్థం చేసుకోగలను. నీతులు చెప్పను, ఇంజినీర్‌గా మాత్రం చెబుతా. క్రాక్ వేయడానికి యాంటీవైరస్ ఆపమంటారు. ఆ ల్యాప్‌టాప్‌లోనే మీ బ్యాంక్ లాగిన్లు ఉంటాయి. పైగా అది ఆ ఒక్క వెర్షన్ దగ్గరే ఆగిపోతుంది, విండోస్ మార్చాక మళ్లీ ఎక్కుతుందన్న గ్యారంటీ లేదు. డిపెండెన్సీల్లోకెల్లా అతి బలహీనమైన డిపెండెన్సీ అది. స్టాక్ ప్లగిన్లతో పని అవుతున్నప్పుడు ఆ రిస్క్ దేనికి?

మిగిలిన డబ్బులుంటే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. ఇంకొక కాపీ వేరే ఊళ్లో ఉండే చుట్టాల ఇంట్లోనో, క్లౌడ్‌లోనో పెట్టండి. తుఫాను హెచ్చరిక వస్తే ముందు ఏం సర్దుకోవాలో మన తీరం వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 1977 ఉప్పెన కథలు వింటూ పెరిగిన ఇళ్లు మనవి. ఒకే గదిలో ఉన్న రెండు కాపీలు రెండు కాపీలు కావు. ఇంకా మిగిలితే మైక్ పెట్టెలో వేయడానికి సిలికా జెల్ ప్యాకెట్లు. బందరు గాలిలో తేమకి కండెన్సర్ మైకులు తొందరగా పాడవుతాయి.

ఈ ఆదివారం ఏం చేయాలి?

కొత్త ప్లగిన్ వెతకడం ఒక్క వారం ఆపండి. మీరు చివరిగా చేసిన పాట తెరవండి. ట్రాకులకి పేర్లు పెట్టి, అందులో బాగా కుదిరిన ట్రాకుల్ని టెంప్లేట్‌గా సేవ్ చేయండి. బయటి ప్లగిన్లు ఉంటే వాటి బదులు స్టాక్‌వి పెట్టండి. తర్వాత మీ పాత పాటల్లో ఇంకోసారి రికార్డ్ చేయలేనిది ఒకటి ఎంచుకుని, అన్ని ట్రాకులూ వేవ్‌గా తీసి, మీ సాఫ్ట్‌వేర్ అస్సలు లేని ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ప్లే చేసి చూడండి.

అక్కడ మోగితేనే ఆ పాట మీ దగ్గర ఉన్నట్టు. మోగకపోతే అది ఇంకా ఆ ప్లగిన్ కంపెనీల దగ్గరే ఉంది.